ధర్మచక్రానికి ఆకులు ఎన్ని? బుద్ధుడి చోట చక్రాన్ని ఎందుకు చెక్కారు?

ప్రశ్న: నల్లరేగడి

పోయిన నెల మా అమ్మాయిని చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్ళాను. అమరావతి శిల్పాల దగ్గర ఒక పలక ముందు తను చాలాసేపు నిలబడిపోయింది. పలక మీద ఒక ఖాళీ ఆసనం ఉంది. దాని వెనక స్తంభం, స్తంభం నెత్తిన చక్రం. ఆసనం ముందు రెండు పాదాల గుర్తులు. అటూ ఇటూ ఆడా మగా చేతులు జోడించి వంగి ఉన్నారు.

"నాన్నా, వీళ్ళు పీటకి దండం పెడుతున్నారా, చక్రానికా?" అని అడిగింది.

అది అశోకచక్రమని, బౌద్ధుల గుర్తని చెప్పాను. వెంటనే తను గాజు మీద వేలు పెట్టి ఆకులు, అంటే నడుమ నుంచి అంచుకు వెళ్ళే పుల్లలు, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక పక్క అంచు అరిగిపోయింది కానీ, మిగిలినవాటిని బట్టి చూసినా 24 రావని తేల్చేసింది. "మరి జెండా మీద 24 ఉంటాయి కదా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చాక అడిగితే ఒకరు 8 అన్నారు, ఒకరు 24 అన్నారు, ఇంకొకరు 1000 అన్నారు. నా సందేహాలు ఇవి. ఈ చక్రం అసలు ఎవరి గుర్తు? సూర్యుడిదా, రాజుదా, బుద్ధుడిదా? ఆకుల లెక్కకు అర్థం ఉందా? బుద్ధుడు ఉండవలసిన చోట చక్రాన్ని ఎందుకు పెట్టారు? పాపకు తెలిసీ తెలియని మాటలు చెప్పడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

మెట్లదారి

నాకు తెలిసినంతలో 8 ఆకులు అంటే అష్టాంగ మార్గం. సమ్యక్ దృష్టి మొదలుకొని సమ్యక్ సమాధి వరకు. 24 ఆకులు అంటే రోజుకు 24 గంటలూ ధర్మం నడవాలని అశోకుడు పెట్టించాడు. మా తరగతిలో ఇలాగే చెప్పారు.

పాళీ పాఠకురాలు

మెట్లదారి గారూ, 24 గంటల మాట నేనూ చిన్నప్పుడు విన్నదే. కానీ అశోకుడి కాలంలో మన దేశంలో రోజును గంటలుగా కాదు, ముహూర్తాలుగా లెక్కపెట్టేవారు. రోజుకు 30 ముహూర్తాలు. అశోకుడి శాసనాల్లో ఎక్కడా ఆకుల సంఖ్యకు వివరణ లేదు. బౌద్ధులు చెప్పే 12 నిదానాలను, అంటే దుఃఖానికి దారితీసే కారణాల వరసను, ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి లెక్కిస్తే 24 అని చెప్పేవారూ ఉన్నారు. ఆలోచన బాగుంటుంది కానీ, అదీ తర్వాతివాళ్ళు చెప్పుకున్న అర్థమే.

నల్లరేగడి గారూ, మీ మొదటి ప్రశ్నకు వస్తాను. చక్రం బుద్ధుడికంటే చాలా పాతది. ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలో 12 ఆకుల చక్రం ఒకటి ఉంది. అది ఋతచక్రం. ఆకాశం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, ముసలిదవదు. ఆ 12 నెలలని, చక్రం సంవత్సరమని తెలుస్తూనే ఉంది. అంటే సూర్యుడు, కాలం, లోకం తప్పకుండా నడిచే క్రమం, ఇవన్నీ అప్పటికే చక్రంలో ఉన్నాయి.

ఆ తర్వాత రాజు. చక్రవర్తి అనే మాటలోనే చక్రం ఉంది. పాళీ బౌద్ధ గ్రంథాల్లో ఒకటైన దీఘనికాయంలో చక్కవత్తి సీహనాద సుత్తం ఉంది (సుత్తం అంటే బోధ), అందులో దళ్హనేమి అనే రాజు కథ వస్తుంది. దళ్హనేమి అంటే గట్టి అంచు గలవాడని అర్థం. ఆయన దగ్గర దివ్యచక్రం ఉంటుంది. అలాంటి చక్రం ముందు తూర్పుకు, తర్వాత దక్షిణానికి, పడమరకు, ఉత్తరానికి దొర్లుతూ పోతుంది. రాజు సేనతో దాని వెనకే వెళతాడు. ఎదురు రాజులు స్వాగతం చెబుతారు. ఆయన వాళ్ళతో చంపవద్దు, దొంగిలించవద్దు, అబద్ధమాడవద్దు అని చెప్పి ముందుకు సాగుతాడు. కత్తి దుయ్యడు.

ఈ కథలో నాకు ఎప్పుడూ మనసుకు పట్టే చోటు ఒకటుంది. దళ్హనేమి రాజ్యం వదిలి వెళ్ళిన ఏడో రోజున చక్రం మాయమవుతుంది. కొడుకు దిగులుపడి తండ్రి దగ్గరికి పరుగెత్తుతాడు. "నాయనా, ఆ చక్రం నీకు తాతల నాటి ఆస్తి కాదు" అంటాడు తండ్రి. ధర్మంగా పాలిస్తేనే అది మళ్ళీ కనిపిస్తుందని చెబుతాడు. రాజచిహ్నాన్ని వారసత్వం నుంచి విడదీసి నడవడికకు కట్టిన కథ ఇది.

బుద్ధుడు ఈ గుర్తును తెలిసే తీసుకున్నాడు. సుత్తనిపాతమనే మరో పాళీ గ్రంథంలో సేలుడనే బ్రాహ్మణుడు ఆయన రూపం చూసి, "నువ్వు చక్రవర్తివి కావలసినవాడివి, రాజ్యం చెయ్యి" అంటాడు. బుద్ధుడి జవాబు: "రాజాహమస్మి సేల, ధమ్మరాజా అనుత్తరో." నేను రాజునే సేలా, ధర్మానికి రాజును. ధర్మంతో చక్రాన్ని నడుపుతున్నాను, దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు అంటాడు. సారనాథ్‌లో కొండన్న, వప్ప, భద్దియ, మహానామ, అస్సజి అనే ఐదుగురికి చేసిన మొదటి బోధకు ధమ్మచక్కప్పవత్తన సుత్తమని పేరు రావడం ఇందువల్లే. ఆ సుత్తం చివర భూదేవతలు ఎలుగెత్తి చెప్పేది కూడా ఇదే మాట: ఈ చక్రాన్ని శ్రమణుడు గానీ, బ్రాహ్మణుడు గానీ, మారుడు గానీ, బ్రహ్మ గానీ ఆపలేరు.

ఆకుల సంగతి. ఆ సుత్తంలో అష్టాంగ మార్గం ఉంది కానీ, చక్రానికి 8 ఆకులని ఎక్కడా లేదు. లెక్క అంటూ ఉన్నది 12. నాలుగు ఆర్యసత్యాలు, ఒక్కోదాన్ని మూడు విధాలుగా గ్రహించడం: ఇది దుఃఖం, దీన్ని తెలుసుకోవాలి, తెలుసుకున్నాను. ఇలా నాలుగు మూళ్ళు 12. 1000 ఆకులు మాత్రం బుద్ధుడి అరికాళ్ళవి. మహాపురుషుడి 32 లక్షణాల్లో అదొకటి.

ఆ పాదాల గురించి ఒక చిన్న ఘట్టం అంగుత్తరనికాయమనే పాళీ గ్రంథంలో ఉంది, మీ పాపకు నచ్చుతుంది. దోణుడనే బ్రాహ్మణుడు దారిన పోతూ మట్టిలో అడుగుజాడలు చూస్తాడు. వాటిలో చక్రాలు, వాటికి వెయ్యేసి ఆకులు, అంచు, ఇరుసు దూరే నడిమి కుండ, ఏదీ తక్కువ లేదు. ఇవి మనిషి అడుగులు కావనుకుని జాడ పట్టి వెళితే, చెట్టు కింద ఒకాయన కూర్చుని ఉంటాడు. "మీరు దేవతా? గంధర్వులా? యక్షులా? మనుషులా?" అని వరసగా అడుగుతాడు. అన్నిటికీ కాదనే జవాబు. చివరికి, "నన్ను బుద్ధుడని అనుకో" అంటాడు ఆయన. మీరు చూసిన పలకలో ఆసనం ముందు ఉన్న పాదాలు ఆ అడుగులే.

ఇరుసు

ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. మాది చక్రాలు చేసే ఇల్లు. మా నాన్న వడ్రంగి, ఎడ్లబండి చక్రాలకు పేరున్న చెయ్యి. నేను ఆ పని వదిలేసి వేరే ఉద్యోగంలోకి వచ్చాను కానీ, ధర్మచక్రం ఎక్కడ కనిపించినా ముందు నాకు తోచేది మా పెరడే.

పుస్తకాల్లో ధర్మచక్రాన్ని ఎప్పుడూ గోడకు తగిలించిన బొమ్మలా చూపిస్తారు. చేసినవాడికి చక్రం అలా కనిపించదు. నడుమ ఇరుసు దూరే మొద్దు. దానికి చుట్టూ తొలిచిన గాళ్ళలో ఆకులు. ఆకుల కొసన వంపు తిరిగిన అంచు ముక్కలు, వాటి పైన ఇనుప పట్టా. మా నాన్న ఒక్కో అంచు ముక్కకు రెండేసి ఆకులు దించేవాడు. ఆరు ముక్కలైతే 12 ఆకులు. అందుకే ఆకులు ఎప్పుడూ సరిసంఖ్యే. 8, 12, 24, 32 అని పెద్దలు చెప్పే అర్థాల వెనక మొదట ఒక వడ్రంగి లెక్క ఉండి ఉంటుందని నా నమ్మకం. అర్థం ఆ తర్వాత వచ్చి కూర్చుంది.

పట్టా వేసే రోజు ఇల్లంతా అక్కడే ఉండేవాళ్ళం. పట్టాను చక్రం కొలత కంటే కాస్త బిగువుగా చేస్తారు. పిడకల మంటలో అది ఎర్రగా కాలి సాగుతుంది. ఇద్దరు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించి సుత్తులతో కూర్చోబెడతారు. కొయ్య భగ్గుమంటుంది. వెంటనే కుండలతో నీళ్ళు. ఆవిరి లేస్తుంది. ఇనుము ముడుచుకుంటూ ఉంటే లోపల ఆకులు ఒక్కొక్కటే కిర్రు కిర్రుమని మొద్దులోకి దిగడం వినిపించేది. అప్పటిదాకా ముక్కలుగా ఉన్నది ఆ చప్పుడుతో చక్రమయ్యేది. ఆ తర్వాత నాన్న దాన్ని నిలబెట్టి పెరట్లో ఒక్క తోపు తోసేవాడు. మాట్లాడకుండా చూసేవాడు. ఊగకుండా పోతే బీడీ వెలిగించేవాడు. ఊగితే మళ్ళీ మొదటికి.

అంగుత్తరనికాయంలో రథకారుడి కథ చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పచేతనుడనే రాజు ఆరు నెలల్లో యుద్ధముంది, జత చక్రాలు కావాలంటాడు. ఆరు నెలలకు ఆరు రోజులు తక్కువ ఉండగా ఒక చక్రమే పూర్తవుతుంది. మిగిలిన ఆరు రోజుల్లో రెండోది చేస్తాడు. రాజు కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. "తేడా ఏముంది?" అంటే రథకారుడు ఆరు రోజుల చక్రాన్ని తోస్తాడు. తోపు ఉన్నంత దూరం పోయి, గిరగిరా తిరిగి పడిపోతుంది. ఆరు నెలల చక్రాన్ని తోస్తాడు. తోపు ఉన్నంత దూరం పోయి, ఇరుసుకు బిగించినట్టు అలాగే నిలబడుతుంది. పడిపోయినదానిలో అంచులో వంకర, ఆకుల్లో వంకర, మొద్దులో వంకర. ఆ రథకారుణ్ణి నేనే అంటాడు బుద్ధుడు. అప్పుడు కొయ్య వంకరలు తెలుసు, ఇప్పుడు శరీరం, మాట, మనసు వంకరలు తెలుసు అంటాడు. ఈ మాట చక్రం చేతపట్టని మనిషి నోట వస్తే నేను ఇంత నమ్మేవాణ్ణి కాదు.

పాళీ పాఠకురాలు గారు చెప్పిన సుత్తం పేరులో మన తెలుగువాళ్ళకు ఒక అదృష్టం ఉంది. పాళీలో పవత్తన, సంస్కృతంలో ప్రవర్తన. దొర్లించడం, కదలిక మొదలుపెట్టడం అని అర్థం. అదే మాట మనకు నడవడిక అయింది. "వాడి ప్రవర్తన బాగాలేదు" అంటాం. పాత పార్లమెంటు భవనంలో లోక్‌సభ స్పీకరు కుర్చీ పైన "ధర్మచక్ర ప్రవర్తనాయ" అని రాసి ఉంటుంది. ఆ మాటను తెలుగు చెవితో వినండి. చక్రం దొర్లడం, మనిషి నడుచుకోవడం రెండూ ఒకే మాటలో వినిపిస్తాయి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. నాగార్జునకొండ మహాచైత్యం నేలపటం ఎప్పుడైనా చూశారా? 1920ల చివర లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో బయటపడింది. 106 అడుగుల వ్యాసం. మొదటిసారి ఆ పటం చూసి, మా నాన్న నేల మీద పడుకోబెట్టిన చక్రం ఇక్కడికి ఎలా వచ్చిందా అనుకున్నాను. నడుమ కుండ, అక్కడినుంచి అంచుకు ఇటుక గోడలు ఆకుల్లా, చుట్టూ గుండ్రటి గోడ. ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపి, పైన అండం, అంటే స్తూపం గుండ్రటి గోపురం, కట్టారు. ఘంటసాల స్తూపం లోపలా ఇలాంటి కట్టడమే. దీనికి కట్టుబడి కారణం కూడా ఉంది. అంతా ఇటుకతో నింపే పని తప్పుతుంది, మట్టి జారకుండా గోడలు పట్టి ఉంచుతాయి. కానీ పని కుదిరే పద్ధతులు ఎన్నో ఉండగా చక్రాన్నే ఎంచుకున్నారు. పైన సున్నం, రాతి పలకలు పడ్డాక ఆ చక్రం ఎవరికీ కనిపించదు. అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల ఇంటి ఆడపడుచు చాంతిసిరి దానమిచ్చి నిలబెట్టిన ఆ చైత్యం చుట్టూ ప్రదక్షిణ చేసిన ప్రతి మనిషీ, తనకు తెలియకుండానే ఒక చక్రం అంచు వెంట నడిచాడు.

ఇక లెక్కకు వస్తే, అదే కొండలోయలోని చిన్న స్తూపాల్లో 4 ఆకులవి ఉన్నాయి, 6 ఆకులవి, 8, 10 ఆకులవీ ఉన్నాయి. కొన్నిటి నడుమ కుండకు బదులు ఇటుకతో కట్టిన స్వస్తిక ఉంది. సంఖ్యే ప్రాణమైతే ఒకే లోయలో ఇన్ని రకాలు కట్టేవారు కాదు.

మెట్లదారి

గంటల మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి సారనాథ్ స్తంభం మీద ఎన్ని ఉన్నాయి? అక్కడైనా ఒకే లెక్కా?

పాళీ పాఠకురాలు

అక్కడా రెండు లెక్కలు. 1905లో ఓర్టెల్ తవ్వకాల్లో దొరికిన ఆ శిఖరంలో సింహాల కింది పట్టీ మీద ఏనుగు, ఎద్దు, గుర్రం, సింహం ఉన్నాయి. వాటి మధ్య ఉన్న చక్రాలకు 24 ఆకులు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలోకి వచ్చింది ఈ చక్రమే. కానీ నాలుగు సింహాల వీపుల మీద ఇంకో పెద్ద చక్రం ఉండేది. అది విరిగి ముక్కలుగా దొరికింది. దానికి 32 ఆకులని లెక్కకట్టారు. మన రాజముద్రలో ఆ పై చక్రం లేదు. అసలు శిల్పంలో సింహాలు కూడా దాన్ని మోయడానికే ఉన్నాయి.

ఇంకో సంగతి, టిబెట్ పటాల్లో యముడు పట్టుకుని ఉండే చక్రం ధర్మచక్రం కాదు, భవచక్రం. నడుమ కోడి, పాము, పంది ఉంటాయి: రాగం, ద్వేషం, మోహం. అది మనం చిక్కుకున్న చక్రం. చాలామంది రెండింటినీ కలిపేస్తారు. మఠాల కప్పుల మీద రెండు జింకల నడుమ కనిపించే 8 ఆకుల చక్రం ధర్మచక్రం. ఆ జింకలు మొదటి బోధ జరిగిన సారనాథ్ మృగదావానికి, అంటే జింకల వనానికి, గుర్తు.

నల్లరేగడి

ఇంత ఓపికగా రాసిన అందరికీ నమస్కారాలు. రథకారుడి కథ నిన్న రాత్రి పాపకు చెప్పాను. రెండో చక్రం ఎందుకు పడిందో నేను చెప్పేలోపే, "తొందరగా చేశాడు కదా" అంది.

ఒక్క ప్రశ్న మిగిలింది. బుద్ధుడి బొమ్మ చెక్కకూడదనే నిషేధం ఏదైనా ఉండేదా? అందుకే చక్రం పెట్టారా?

పాళీ పాఠకురాలు

అలాంటి కట్టడి ఉండేదని చాలాకాలం అందరూ అనుకున్నారు. 1990లో కళాచరిత్రకారిణి సుసాన్ హంటింగ్టన్ ఒక వ్యాసంలో దీన్ని గట్టిగా ప్రశ్నించారు. ఈ దృశ్యాల్లో చాలావరకు బుద్ధుడి జీవితం కాదని, ఆయన తర్వాత జనం బోధివృక్షాన్ని, ఆసనాన్ని, చక్రాన్ని దర్శించుకుంటున్న సందర్భాలని ఆమె వాదన. మరో కళాచరిత్రకారిణి విద్యా దెహేజియా దానికి ఎదురు వాదన చేశారు: ఒకే బొమ్మ బుద్ధుణ్ణీ చూపవచ్చు, పుణ్యక్షేత్రాన్నీ చూపవచ్చు అని. నేను దెహేజియా పక్షం. మీరు చూసినలాంటి పలక ముందు నిలబడితే రెండూ ఒకేసారి అనిపిస్తాయి.

అమరావతిలోనే రెండు పద్ధతులూ ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. పాత వైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం. కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి వెనక వైపు స్తూపాన్ని చెక్కారు. ఆ స్తూపం వాకిట్లో బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉన్నాడు. పాత వైపును చెరిపేయలేదు.

ఎగ్మూరుకు మళ్ళీ వెళితే జగ్గయ్యపేట నుంచి వచ్చిన చక్రవర్తి పలకను పాపకు చూపించండి. రాజు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు, పైన మేఘాల్లోంచి చతురస్రపు నాణాలు రాలుతుంటాయి. పక్కన స్తంభం మీద చక్రం. మీరు చూసిన పలకలో ఉన్న స్తంభం, చక్రమే. ఇక్కడ దాని పక్కన రాజున్నాడు, అక్కడ ఆసనం ఖాళీగా ఉంది. రెండూ ఒకే రోజు చూస్తే మీ మొదటి ప్రశ్నకు జవాబు తనే చెబుతుంది.

నల్లరేగడి

తప్పకుండా చూపిస్తాను. తను ఇప్పుడు అట్టముక్క మీద వృత్తలేఖినితో ధర్మచక్రం గీస్తోంది. ఎన్ని ఆకులు గీయాలో ఇరుసు గారిని అడగమంటోంది.

ఇరుసు

12 గీయమనండి అమ్మాయిని. మా నాన్న లెక్కా అదే, ఋగ్వేదం లెక్కా అదే, మొదటి బోధ లెక్కా అదే. ముందు అంచును ఆరు భాగాలు చేసుకుని, ఒక్కో భాగంలో రెండేసి గీస్తే సమంగా వస్తాయి. నడుమ మాత్రం నల్లగా నింపేయవద్దని చెప్పండి. అక్కడ ఇరుసు దూరాలి. పాత సంస్కృతంలో ఆ రంధ్రం పేరు "ఖ". ఋగ్వేదంలో మంచి రంధ్రం ఉన్న రథాన్ని, అంటే హాయిగా నడిచే రథాన్ని "సుఖ" రథం అంటారు. మన సుఖం అక్కడినుంచి వచ్చిందని చెబుతారు. గీసిన బొమ్మ వీలైతే ఇక్కడ పెట్టండి, మా నాన్నకు చూపిస్తాను.